ఓటు వారిది, నోటు వీరిది

ఢిల్లీలో ఉన్న తండ్రికి రాజకీయం తెలుసు. న్యూజెర్సీలో ఉన్న కొడుక్కి లెక్కలు తెలుసు. 2004 మేలో ఇద్దరూ కలిసి ఒక తప్పు చేశారు.

ఆ సోమవారం ఆయన సగం రోజు సెలవు పెట్టారు. శాస్త్రి భవన్‌లో అండర్ సెక్రటరీ. ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో కాపురం. చేతిలో ఓ ఫైలు, అందులో కొడుకు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. కన్నాట్ ప్లేస్‌లోని మ్యూచువల్ ఫండ్ కార్యాలయానికి చేరేసరికి ముంబైలో ట్రేడింగ్ ఆగిపోయి ఉంది. సెన్సెక్స్ 10 శాతం పడితే గంటసేపు ఆపాలన్నది అప్పటి నిబంధన. మళ్లీ తెరిచాక 15 శాతం పడింది, మళ్లీ ఆపారు. ఒక దశలో నష్టం 842 పాయింట్లు. అది 2004 మే 17.

అప్పటికి న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటింది. కొడుకు ఫోన్లోనే ఉన్నాడు. ‘‘నాన్నా, ఏం చేద్దాం?’’ అని అడిగాడు. ‘‘అమ్మేద్దాం రా. ఇక్కడ గాలి బాగాలేదు. నాకు తెలుసు కదా’’ అన్నారు ఆయన. సంతకం పెట్టి వచ్చేశారు.

నాకు తెలుసు అనడానికి ఆయన దగ్గర కారణాలున్నాయి. మూడు దశాబ్దాల ఢిల్లీ ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో భోజనానికి వెళితే పక్క బల్ల మీద ఎవరో ఒక ఎంపీ అనుచరుడు కనిపిస్తాడు. మే 11న ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ఓడిపోయినప్పుడే ఆయన గుండెలో రాయి పడింది. సంస్కరణలకు పోస్టరు లాంటి ముఖ్యమంత్రిని జనం ఇంటికి పంపితే, విదేశీ మదుపుదారులు దాన్ని ఢిల్లీకి వచ్చిన హెచ్చరికగా చదువుకున్నారు. రెండు రోజులకు కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వమూ ఓడింది. కొత్త ప్రభుత్వానికి వామపక్షాల మద్దతు తప్పనిసరి. పెట్టుబడుల ఉపసంహరణ శాఖే వద్దని వాళ్ల నేతలు అన్నారు. శుక్రవారం సెన్సెక్స్ 330 పాయింట్లు జారింది. శని, ఆదివారాలు టీవీ చూస్తూ భయం పెంచుకోవడానికి సరిపోయాయి.

కొడుకు ఆ జనవరిలో సెన్సెక్స్ 6,000 దగ్గర ఉండగా 5 లక్షల రూపాయలు సూచీ ఫండ్‌లో పెట్టాడు. హెచ్-1బీ వీసా మీద పనిచేస్తూ కూడబెట్టిన డబ్బు. ఏడాది చివర్లో రాజమండ్రిలో చెల్లెలి పెళ్లికి ఉంచిన డబ్బు. మే 17న సెన్సెక్స్ 4,505 దగ్గర ముగిసింది. చేతికొచ్చింది మూడు లక్షల డెబ్బై అయిదు వేలు.

మర్నాడు సోనియా గాంధీ ప్రధాని పదవి వద్దన్నారు. సెన్సెక్స్ 372 పాయింట్లు లేచింది. ఆ వారాంతంలో మన్మోహన్ సింగ్ ప్రమాణ స్వీకారం చేశారు. నవంబరు ఆఖరుకు సూచీ 6,200 దాటింది, డిసెంబరు ఆఖరుకు 6,600. పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. తగ్గిన డబ్బును ఆయన తన ప్రావిడెంట్ ఫండ్ నుంచి తీసి సర్దారు. ఆ సంగతి కొడుక్కి చాలా ఏళ్లు చెప్పలేదు.

ఆయన అంచనాలో తప్పేమీ లేదు. కొత్త ప్రభుత్వంపై వామపక్షాల పట్టు నాలుగేళ్లు సాగింది. ఉపసంహరణ మందగించింది. రాజకీయం ఆయన చెప్పినట్టే నడిచింది, మార్కెట్ మాత్రం నడవలేదు. అదే ఆయనకు చాలాకాలం కొరుకుడు పడలేదు.

మార్కెట్‌కు పార్టీతో కన్నా ఊహించని ఫలితంతోనే పేచీ. ఎన్‌డీఏ మళ్లీ వస్తుందన్న నమ్మకంతో ఆ ఏడాది ముందుగానే ధరలు పెంచేసుకుంది. నమ్మకం తప్పింది, ధరలు తగ్గాయి. అయిదేళ్ల తర్వాత ఇదే తిరగబడింది. హంగ్ తప్పదనుకుంటే అదే మన్మోహన్ సింగ్ వామపక్షాల అవసరం లేకుండా గెలిచారు. 2009 మే 18న సెన్సెక్స్ 2,110 పాయింట్లు ఎగిరింది. ఈసారి పెరుగుదల తట్టుకోలేక ట్రేడింగ్ ఆపారు.

2016 నాటికి ఆయన ద్వారకలో సొంత ఫ్లాట్‌లో ఉన్నారు. కొడుకు అమెరికా పౌరుడయ్యాడు. అంటే, చట్టం ప్రకారం ఇప్పుడు వాడికి భారత ఎన్నికలే విదేశీ ఎన్నికలు. నవంబరు 8 రాత్రి ఢిల్లీలో పెద్ద నోట్లు రద్దయ్యాయి. తెల్లారేసరికి అమెరికాలో ట్రంప్ గెలుస్తున్నారు. బీరువాలోని 500 నోట్లు లెక్కపెడుతూ ఆయన టీవీలో ఫ్లోరిడా, పెన్సిల్వేనియా ఓట్లు చూశారు. సెన్సెక్స్ పొద్దున్నే దాదాపు 1,700 పాయింట్లు పడి, సాయంత్రానికి 339 పాయింట్ల నష్టంతో బయటపడింది.

అసలు దెబ్బ నెమ్మదిగా వచ్చింది. ట్రంప్ పన్నులు తగ్గిస్తారు, ఖర్చు పెంచుతారు అన్న అంచనాతో అమెరికా బాండ్లపై రాబడి పెరిగింది, డాలర్ బలపడింది. ఇక్కడి నుంచి డబ్బు అక్కడికి మళ్లింది. నెలాఖరులోగా డాలర్ 68 రూపాయలు దాటింది, రూపాయి అప్పటికి రికార్డు కనిష్ఠాన్ని తాకింది. నెలనెలా ఇంటికి డబ్బు పంపే కొడుక్కి అది లాభం. పంపిన ప్రతి డాలర్‌కూ రెండు రూపాయలు ఎక్కువ. ఇక్కడ ఫండ్లలో దాచుకున్న కొడుక్కి మాత్రం నష్టం. మనిషి ఒక్కడే, జేబులే రెండు.

పరదేశంలో ఉండి ఇక్కడ మదుపు చేసేవారు మరిచిపోయే లెక్క ఇదే. 2004 మే 17న అమ్మకుండా ఉండి ఉంటే, 2024 జూన్ 7 నాటికి ఆ సూచీ రూపాయల్లో 17 రెట్లు. కానీ 2004లో 45 రూపాయలున్న డాలర్ 2024 జూన్ నాటికి 83 దాటింది. డాలర్లలో చూస్తే పెరుగుదల తొమ్మిది రెట్లే. ఏ ఎన్నికా ఒక్క రోజులో అంత కోత పెట్టలేదు. రూపాయి ఇరవై ఏళ్లలో చడీచప్పుడు లేకుండా పెట్టింది.

2024 జూన్‌లో ఆయనకు 78 ఏళ్లు. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరింది. 4న ఓట్ల లెక్కింపు. బీజేపీ 240 దగ్గర ఆగిపోయింది. సెన్సెక్స్ 4,390 పాయింట్లు కూలింది. న్యూజెర్సీ నుంచి ఫోన్.

‘‘నాన్నా, ప్రభుత్వం నిలబడుతుందంటారా?’’

ఆయన టీవీ వైపు చూశారు. 16 మంది ఎంపీలతో ఢిల్లీ తాళం చెవి చేతబట్టుకున్న మనిషి చంద్రబాబు నాయుడు. ఇరవై ఏళ్ల క్రితం ఎవరి ఓటమి చూసి తన గుండెలో రాయి పడిందో ఆ మనిషే.

‘‘నాకు తెలీదు రా’’ అన్నారు.

కొడుకు కాసేపు మాట్లాడలేదు. ఢిల్లీ గురించి తండ్రి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

‘‘ఆ డబ్బు ఎప్పుడు కావాలి నీకు?’’ అని ఆయనే అడిగారు.

‘‘పాప కాలేజీకి. ఇంకా ఆరేళ్లుంది.’’

‘‘అయితే పడుకో. అక్కడ రాత్రి కదా.’’

మర్నాడు మిత్రపక్షాలు మద్దతు ఖాయం చేశాయి. మూడు సెషన్లలో పడినదంతా తిరిగొచ్చింది, 7వ తేదీన సూచీ కొత్త రికార్డు వద్ద ముగిసింది. ఆయన ఆ వార్త చూశారో లేదో. ఎవరు గెలుస్తారో చెప్పడం ఆయన ఎప్పుడో మానేశారు. డబ్బు ఏ తేదీకి కావాలన్నదే అడుగుతున్నారు. 2004లో అడగాల్సింది కూడా అదే. పెళ్లి తేదీ ఉన్న డబ్బును ఫలితాల తేదీ ఉన్న మార్కెట్‌లో పెట్టినప్పుడే తప్పు జరిగింది. మే 17న కన్నాట్ ప్లేస్‌లో ఆయన దాని కింద సంతకం మాత్రమే పెట్టారు.