ఇంకొక్క లెవెల్... ఒక్కటే!

వేషం కట్టి ఆడే వీడియో గేమ్‌లు మనిషిని ఎందుకు కట్టిపడేస్తాయి? అంతగా ఎందుకు విసిగిస్తాయి?

అర్ధరాత్రి దాటింది. ఇల్లంతా నిద్రపోతోంది. ముందుగదిలో కంప్యూటర్ తెర ఒక్కటే వెలుగుతోంది. ఆ తెరమీద, మంచుకొండల నడుమ ఓ వీరుడు అడుగు తీసి అడుగు వేయలేక అవస్థపడుతున్నాడు. గాయమేమీ కాలేదు. చుట్టుపక్కల శత్రువూ లేడు. ఇప్పుడే ఓ డ్రాగన్‌ని చంపి పడేశాడు కూడా. మరి కదలడేం? బరువు! అతను మోయగలిగింది 300. డ్రాగన్ ఎముక ఒక్కోటీ 15. మూట హద్దు దాటిపోయింది. ఇక పరుగు మాట మరచిపోయి నత్తనడక నడవాల్సిందే.

ఎముకలు పారేద్దామా అంటే వాటితో కవచం చేసుకోవచ్చు. పాత కత్తులు అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి. దారిలో ఏరిన క్యాబేజీలు... ఏమో, ఎప్పుడు ఏం అవసరమొస్తుందో! పొద్దున్నే తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సిన ముప్ఫై అయిదేళ్ల మనిషి, కిరాణాకొట్టు గుమాస్తాలా ఒక్కో వస్తువూ బరువెంతో ధరెంతో చూసుకుంటున్నాడు.

‘‘ఏమండీ, ఇంకా పడుకోలేదా?’’ లోపలినుంచి భార్య గొంతు.

‘‘వచ్చేస్తున్నా. ఒక్క అయిదు నిమిషాలు.’’

ఆ అయిదు నిమిషాలు ఎంతసేపో ఆమెకు బాగా తెలుసు.

2011 నవంబరులో విడుదలైన ఆ ఆట పేరు ‘స్కైరిమ్’. రోల్ ప్లేయింగ్ గేమ్ కోవలోది. ఆడేవాళ్లు ముద్దుగా ‘ఆర్పీజీ’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే వేషం కట్టి ఆడే ఆట. ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమించి, మాంత్రికుడి వెంట వెళ్లి, సాహసాలు చేసి గెలుస్తాడు కదా... ఆ సినిమాని కుర్చీలో కూర్చుని చూడకుండా, మనమే తోటరాముడై నడిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది. కాకపోతే సినిమా రెండున్నర మూడు గంటల్లో అయిపోతుంది. ఇది వందగంటలైనా అవదు!

ఏడు స్లైములు చాలు

ఈ ఆటకి మూలపురుషులు ఇద్దరు అమెరికన్లు. గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్. 1974లో వాళ్లు తయారుచేసిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’కి కంప్యూటర్ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, పాచికలు, బల్లచుట్టూ నలుగురు స్నేహితులు ఉంటే చాలు. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు తలా ఓ వేషం వేసుకుంటారు. ప్రాణం ఎంత మిగిలింది, అనుభవం ఎంత పెరిగింది, ఇప్పుడు ఎన్నో మెట్టు మీద ఉన్నారు... అన్నీ అంకెల్లో రాసుకుంటారు. తర్వాత ఆ అంకెల పని కంప్యూటర్‌కి అప్పగించారు. బల్లచుట్టూ ఉన్న స్నేహితుల అవసరమూ తీరిపోయింది. మనిషి ఒంటరిగా ఆడుకోవడం మొదలైంది.

ఆ ఆటని ఇంటింటి ఆటగా మార్చిన ఘనత జపాన్‌కి చెందిన యూజీ హోరీది. ఆయన రూపకల్పన చేసిన ‘డ్రాగన్ క్వెస్ట్’ 1986 మే 27న వచ్చింది. మిగతా వీడియో గేమ్‌లు గెలవాలంటే వేళ్లు చురుగ్గా కదలాలి, కన్ను తిప్పకూడదు. ఇందులో ఆ బాధ లేదు. తొందరేం లేదు, ఆలోచించుకుని మీట నొక్కవచ్చు. ఓపికుంటే చాలు, ఎవరైనా గెలవొచ్చు. ఊరిబయట నీటిబొట్టు ఆకారంలో నవ్వుతూ కనిపించే స్లైము అనే బుల్లి రాక్షసిని చంపితే ఒక అనుభవ పాయింటు. అలా 7 పాయింట్లు రాగానే చిన్న సంగీతం మోగుతుంది. హీరో రెండో మెట్టు ఎక్కాడు! బలం పెరిగింది. నిన్న పారిపోయిన చోట ఈరోజు ధైర్యంగా నిలబడొచ్చు. చనిపోయినా ఫర్వాలేదు. మళ్లీ రాజుగారి ముందు కళ్లు తెరుస్తాడు. చేతిలో డబ్బు సగం పోతుంది గానీ సంపాదించిన అనుభవం మాత్రం ఎక్కడికీ పోదు.

అదిగో... అసలు కిటుకు అక్కడే ఉంది. పదేళ్లు ఆఫీసులో ఒళ్లువంచి పనిచేసినా మన బలం ఎంత పెరిగిందో చెప్పే అంకె ఎక్కడా కనపడదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే ఇల్లాలికి వంటలో ఎన్నో మెట్టు ఎక్కావని సంగీతం వినిపించేవారుండరు. చదివినా ఉద్యోగం రాకపోవచ్చు, కష్టపడినా పేరు ఇంకొకరికి పోవచ్చు. ఆటలో అలాకాదు. పడిన ప్రతి శ్రమకీ లెక్క ఉంటుంది. ఆ లెక్క అప్పటికప్పుడు కళ్లముందు కనపడుతుంది. ఆ న్యాయం కోసమే జనం అంతంతసేపు కూర్చునేది.

‘డ్రాగన్ క్వెస్ట్’ మూడో భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం విడుదలైంది. దుకాణాల ముందు బారులు తీరినవారిలో బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లల్ని పోలీసులు వందల సంఖ్యలో పట్టుకున్నారు. పనిరోజుల్లో ఈ ఆట అమ్మకూడదని జపాన్‌లో ఏకంగా చట్టమే చేశారన్న కథ అప్పట్నుంచీ ప్రపంచమంతా తిరుగుతోంది. నిజానికి అలాంటి చట్టమేదీ లేదు. కానీ నమ్మబుద్ధేస్తుంది!

ఒక్క అక్షరం తప్పితే...

ఇంత ముచ్చటైన ఆట మరి తిట్లెందుకు తింటుంది? లెక్క తప్పినప్పుడు! మొదటి ‘డ్రాగన్ క్వెస్ట్’లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే వీల్లేదు. రాజుగారు 20 అక్షరాల మంత్రం ఒకటి చెబుతారు. కాగితం మీద రాసుకుని, మర్నాడు అదే మంత్రం ఎక్కిస్తే ఆట అక్కడినుంచి సాగుతుంది. 1987లో వచ్చిన రెండో భాగంలో ఆ మంత్రం 52 అక్షరాల వరకూ పెరిగింది. జపాన్ లిపిలో కొన్ని అక్షరాలు మన ‘ధ’, ‘థ’ల్లా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మసకమసగ్గా ఉండే టీవీ తెర మీంచి చూసి రాసుకునేటప్పుడు ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందా... వారాల కష్టం గంగపాలే. మూడో భాగంలో బ్యాటరీ సాయంతో ఆటని దాచే ఏర్పాటు వచ్చింది. ఆ బ్యాటరీలోని కథా ఒక్కోసారి చెరిగిపోయేది. అప్పుడు ఓ కర్ణకఠోరమైన మోతతో, మీ సాహసగాథ మాయమైపోయిందని ఆటే సానుభూతి తెలిపేది!

1987లోనే వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’ది ఇంకో రకం చిక్కు. గుహలోకి వెళ్లేముందు 99 మందుసీసాలు కొనుక్కోవాలంటే ఒక్కోసీసా విడివిడిగా కొనాలి. 99 సార్లూ కొట్టువాడితో అదే బేరం. ఇక గుహలో నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కడినుంచో రాక్షసులు ఊడిపడతారు. ఖజానా పెట్టె కళ్లెదురుగా ఉంటుంది, చేరేలోపు అయిదు యుద్ధాలు! బలం చాలకపోతే వెనక్కెళ్లి అదే మైదానంలో అవే రాక్షసుల్ని వందలసార్లు చంపాలి. ఆటగాళ్లు దీన్ని ‘గ్రైండింగ్’ అంటారు. పిండి రుబ్బడమన్నమాట. పొద్దున్నుంచీ ఆఫీసులో రుబ్బి, రాత్రి ఇంటికొచ్చి ఇష్టపడి ఇంకో రోలు ముందేసుకోవడం. శ్రమకి లెక్క కట్టే ఆట కదా, లెక్క పెరగాలంటే శ్రమ పడాల్సిందే. ఇష్టమూ విసుగూ రెండూ ఒకే కొమ్మకి కాసిన కాయలు.

పిసినారితనమూ అక్కడే పుడుతుంది. ప్రాణం మొత్తం తిరిగి తెచ్చే అమృతం లాంటి మందు ఒకటి దొరుకుతుంది. వాడొచ్చుగా? వాడరు. ముందుముందు ఇంకా పెద్ద ఆపద వస్తుందేమోనని దాస్తారు. ఆఖరి రాక్షసుడు చచ్చి ఆట ముగిసేనాటికి సంచిలో అలాంటివి పాతిక ఉంటాయి. మంచి రోజొస్తే కట్టుకుందామని బీరువాలో పట్టుచీర దాచి, మడతల్లోనే చివికిపోనిచ్చే ఇళ్లు మనకు తెలియనివి కావు.

ముసలమ్మ పెనం

అయినా ఆడతారు. ఎందుకంటే ఇందులో అంకెలతోపాటు మనుషులూ ఉంటారు. పోలండ్‌లో తయారై 2015లో విడుదలైన ‘విచర్ 3’లో హీరో గెరాల్ట్. పెంచుకున్న కూతురు ఆపదలో ఉంది, వెతుక్కుంటూ బయల్దేరాడు. దారిలో ఓ ముసలమ్మ ఆపి, తన పెనం ఒకటి ఆ గుడిసెలో ఉండిపోయింది, తెచ్చిపెట్టమంటుంది. లోకం తలకిందులవుతుంటే పెనం ఏంటి? నవ్వొస్తుంది. కానీ ఆటగాడు వెళ్తాడు. వెళ్లిన చోట ఓ చిన్న కథ బయటపడుతుంది. ఇలాంటి పిట్టకథల కోసం అసలు కథని పక్కనపెట్టి తిరిగేవాళ్లే ఎక్కువ.

1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ ఆడినవాళ్లకి ఏరిస్ మరణం ఇప్పటికీ పచ్చిగాయమే. పూలమ్ముకునే అమ్మాయి. గంటలతరబడి వెంట తిప్పుకుని, బలం పెంచి, ఆయుధాలు కొనిచ్చి... కథ మధ్యలో విలన్ కత్తికి బలైపోతుంది. యుద్ధంలో పడిపోయినవాళ్లని లేపే మందు సంచిలో ఉంటుంది. కానీ ఆమెకి పనిచెయ్యదు. లెక్కలన్నిటికీ జవాబుండే లోకంలో మొట్టమొదటిసారి జవాబులేని లెక్క. ఆమెని బతికించే దారేదైనా ఉందేమోనని ఏళ్లతరబడి వెతికినవాళ్లున్నారు.

కథని మీరే నడిపిస్తారని చెప్పి నడిపించనివ్వకపోతే మాత్రం ఆటగాళ్లు ఊరుకోరు. ‘మాస్ ఎఫెక్ట్’ 2007లో మొదలైంది. మూడు ఆటల్లో తీసుకున్న ప్రతి నిర్ణయానికీ విలువ ఉంటుందనుకుంటూ ఆడినవాళ్లకి, 2012లో మూడో భాగం చివర్లో దాదాపు ఒకేలా కనిపించే ముగింపులు ఎదురయ్యాయి. అంత గొడవ జరిగిందీ అంటే, కొన్ని నెలలకే ముగింపుని పొడిగించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

ఇంకో విసుగు జేబుకి సంబంధించింది. 2006లో ‘ఆబ్లివియన్’ అనే ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని విడిగా రెండున్నర డాలర్లకి అమ్మితే ఆటగాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు లేదు. 2020లో వచ్చిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ ఉచితమే. కానీ అరుదైన వీరుడు కావాలంటే చిట్టీలు తీసినట్టు అదృష్టం పరీక్షించుకోవాలి. 90 సార్లు తీస్తేగానీ మేటి పాత్ర ఒకటి కచ్చితంగా దొరుకుతుందన్న హామీ లేదు, అదీ కోరుకున్నదే కావాలని లేదు. ఓపికున్న ప్రతివాడూ గెలవాలన్న ఆటలోకి డబ్బున్నవాడు ముందు గెలిచే దారి వచ్చింది. న్యాయం కోసం వచ్చినవాళ్లకి అంతకుమించిన దెబ్బేముంటుంది?

అమ్మానాన్నకి తెలియని స్నేహితులు

ఇంతకీ ఆ గంటలన్నీ ఏమైనట్టు? ఇంట్లోవాళ్లు అడిగేదదే. అడగడంలో తప్పులేదు. ఆటమీద అదుపు తప్పి, చదువూ ఉద్యోగమూ ఇల్లూ దెబ్బతింటున్నా మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చింది. 2022 నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే తెరముందు గడిపిన గంటలన్నీ ఒకటి కాదు.

నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడుండేవాడు. పుట్టుకతోనే కండరాలు క్షీణించే జబ్బు. చక్రాల కుర్చీకి పరిమితమై, వేలకొద్దీ గంటలు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడుతూ గడిపాడు. స్నేహితుల్లేకుండా, ఏ ముచ్చటా తీరకుండా కొడుకు జీవితం గడిచిపోతోందని అమ్మానాన్న కుమిలిపోయారు. 2014 నవంబరులో, 25 ఏళ్లకే మాట్స్ చనిపోయాడు. ఆ సంగతి తండ్రి రాబర్ట్ కొడుకు బ్లాగులో రాసి, సంప్రదించాల్సిన చిరునామా పెట్టారు. ఇక ఒకటే ఉత్తరాలు! ఎన్నెన్నో దేశాల నుంచి. ఆటలో మాట్స్ పేరు ఇబెలిన్. చకచకా పరుగులు తీసే డిటెక్టివ్ వేషం. ఆ వేషంలోనే కష్టంలో ఉన్నవాళ్ల గోడు విన్నాడు, దూరమైన తల్లీబిడ్డల్ని దగ్గర చేశాడు. ఆ స్నేహితుల్లో కొందరు విదేశాల నుంచి అంత్యక్రియలకి వచ్చారు. 2024లో ఆ కథ డాక్యుమెంటరీగా వచ్చాక లోకమంతా చూసింది.

1974లో బల్లచుట్టూ కూర్చున్న స్నేహితుల్ని కంప్యూటర్ లేకుండా చేసిందనుకున్నాం. మాట్స్ వాళ్లని మళ్లీ వెతికి పట్టుకున్నాడు. అతనికి మిగిలింది మెట్లూ కత్తులూ కాదు, ఆ మనుషులు.

మన వీరుడు ఇంకా మంచుకొండ మీదే ఉన్నాడు. ఎముకల కవచం కావాలంటే కమ్మరి విద్యలో 100కి చేరాలి. ఇప్పటికి 41. అంటే ఇంకెన్ని రాత్రులు పిండి రుబ్బాలో! కుర్చీలో మనిషి కాసేపు అలాగే చూశాడు. తర్వాత జాబితా తెరిచి, ఎముకలన్నీ మంచులో వదిలేశాడు. క్యాబేజీలతో సహా. వీరుడు ఒక్కసారిగా పరుగందుకున్నాడు. కొండ దిగి ఊరు చేరగానే ఆట దాచి, కంప్యూటర్ కట్టేశాడు. గదిలోకి వెళ్తే ఆమె ఇంకా మేలుకునే ఉంది.

‘‘ఇంతసేపూ ఏం సాధించారు?’’

‘‘మూట దించాను.’’

‘‘బాగుంది. సాయంత్రం తెచ్చిన బియ్యం మూట వరండాలోనే ఉంది. పొద్దున్నే అదీ లోపల పెట్టండి!’’