గూడొక చోట, కూడొక చోట

మనకు వంటా ఇంట్లోనే, పడకా ఇంట్లోనే. కాని గూడు ఒక చోట, తిండి మరొక చోట ఉండే ప్రాణులు లోకంలో చాలా ఉన్నవి. అటువంటి వాటిని చూడాలంటే నెల్లూరికి దక్షిణంగా ఉన్న సముద్రతీరానికి రండి.

నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే రైలుమార్గంలో గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం అనే చిన్న స్టేషను ఉన్నది. దానికి దగ్గరలోనే నేలపట్టు గ్రామం. ఈ ప్రాంతం ఎంతోకాలం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు తిరుపతి జిల్లాలో చేర్చారు.

నేలపట్టు చెరువులో నీటికడప చెట్లు గుంపులుగా పెరుగుతవి. మొదళ్ళు నెలల తరబడి నీట మునిగి ఉన్నా అవి చావవు. అక్టోబరులో వానలు పడి చెరువు నిండేసరికి ఈ చెట్లమీదికి గూడబాతులు వస్తవి. అవి బూడిదరంగు పక్షులు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లకు పైనే ఉంటుంది. పొడుగాటి ముక్కు కింద తోలుసంచి వేళ్ళాడుతూ ఉంటుంది. అదే వాటి వల!

గుల్లకొంగలూ, నీటికాకులూ, తెల్ల కంకణాలూ కూడా ఇక్కడే కాపురం పెడతవి. చుట్టూ నీరుండటంచేత అడవిపిల్లి, నక్క వంటివి గూళ్ళ దగ్గరికి సులువుగా రాలేవు. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరుకు బలం గనక రైతులు కూడా వీటిని చుట్టాలలాగే చూసుకుంటారు. 1976లో ప్రభుత్వం ఇక్కడ సుమారు 458 హెక్టార్లను పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది.

గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. అవి పొదగటానికి నెల్లాళ్ళు పడుతుంది. పిల్లలకు ఆకలి జాస్తి. తల్లి నోరు తెరవగానే తలకాయ దాని గొంతులోకి దూర్చి, తల్లి తెచ్చిన చేపను తింటవి. ఇన్ని పిల్లలకు చాలినన్ని చేపలు ఈ చెరువులో ఎక్కడివి? అందుకే తల్లీ తండ్రీ పులికాట్ సరస్సుకు ఎగిరిపోయి, అక్కడ వేటాడి వస్తవి.

పులికాట్ మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత రెండవది. కాళంగి, ఆరణి నదులు దీనిలోకి మంచినీరు తెస్తవి. సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీరు పంపుతుంది. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడితే, వాటి పిల్లలు ఈ ద్వారాల గుండా సరస్సులోకి వచ్చి పెరుగుతవి. చలికాలంలో ఫ్లెమింగోలు వేల కొద్దీ వచ్చి, వంకర ముక్కును బోర్లించి, బురదనీటిని వడకట్టి చిన్న చిన్న జీవులను తింటవి. వాటి గూళ్ళు మాత్రం ఎక్కడో గుజరాత్‌లోని కచ్‌లో!

సరస్సుకూ సముద్రానికీ మధ్య గోడలాగా ఉన్నది శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న ఇక్కడినుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. రాకెట్ల కేంద్రంలోకి అందరినీ రానివ్వరు గనక అక్కడి అడవి చాలావరకు నిలిచింది. వానలు కొద్ది నెలలే పడినా ఈ మెట్ట అడవి ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. జింకలు, నక్కలు, ఉడుములు దీనిలో తిరుగుతవి. ఈ తీరపు ఇసుకలో రాత్రివేళ సముద్రపు తాబేలు వచ్చి గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. నక్క కంట పడకుండా మిగిలిన గుడ్ల నుంచి సుమారు 50 రోజులకు పిల్లలు వచ్చి నేరుగా నీటిలోకి పరుగెడతవి. గూడు ఒడ్డున, కూడు కడలిలో!

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. అలలు తెచ్చిన ఇసుకతో పులికాట్ ముఖద్వారాలు పూడిపోతూ ఉంటవి. ద్వారం మూసుకుంటే సముద్రపు నీరు రాదు. రొయ్యపిల్ల రాదు, చేపపిల్ల రాదు. వేసవిలో సరస్సు అడుగు బీటలు వారుతుంది. సరస్సును నమ్ముకున్న జాలరి వల ఖాళీ, గూడబాతు సంచీ ఖాళీ. అప్పుడు నేలపట్టులో చెట్లు ఎంత పచ్చగా ఉన్నా గూట్లో పిల్ల పస్తుంటుంది. వానలు పడక చెరువు నిండకపోతే, సరస్సులో చేపలున్నా గూడు కట్టే చోటుండదు.

ఇది ఊరికే బెదిరించటానికి చెప్పే మాట కాదు. 1946లో నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద కాలనీని చూశాడు. తరువాత అవి ఆ చోటును విడిచిపోయినవి.

కాబట్టి పక్షిని కాపాడటమంటే దాని చెట్టుకు కాపలా కాయటం మాత్రమే కాదు. చెరువు, సరస్సు, అడవి, ఇసుక ఒడ్డు, అన్నిటినీ కాపాడాలి. మీరు శీతాకాలంలో నేలపట్టు వెళితే చెరువు గట్టున చప్పుడు చేయకుండా నిలబడండి. తూర్పు నుంచి వచ్చి వాలే గూడబాతును చూడండి. దాని కడుపులో ఉన్న చేప ఎంత దూరంనుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు!