పాముకాటు, మొక్కు, మందు

పాము కరిచిన మనిషికి విషం కంటే ముందు భయం ఎక్కుతుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, ఊపిరి వేగమై వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కరిచింది విషంలేని పామైనా ఈ లక్షణాలన్నీ కనిపిస్తాయి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో, పత్తి చేలు నల్లమల అడవిని తాకే చోట, ఆ సమయంలో ఇంట్లోవాళ్ల నోట వచ్చే పేరు లింగమయ్యది. చైత్ర పౌర్ణమి జాతరకు సలేశ్వరం లోయలోకి దిగుతూ జనం ‘వస్తున్నాం లింగమయ్యా’ అని కేకేసేది ఈ దేవుడినే. కొందరు మైసమ్మకు ముడుపు కడతారు, కొందరు దర్గాకు పోయి తాయత్తు తెస్తారు, కొందరు పాస్టర్‌తో ప్రార్థన చేయిస్తారు.

ఈ మొక్కులను వైద్యుడు తేలిగ్గా తీసుకోవడానికి లేదు. జపానికి శరీరం మీద ప్రభావం ఉంది. 2001లో ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం జపమాల ప్రార్థన, మంత్రజపం చేస్తున్నవారిని పరీక్షించగా, వారి శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గి, గుండె లయ మెరుగుపడింది. అయితే వాళ్లు ఆరోగ్యవంతులు, పాము కరిచినవాళ్లు కారు. మరొకరి కోసం చేసే ప్రార్థన సంగతి వేరు. 2006లో అమెరికాలో 1802 మంది బైపాస్ రోగులపై జరిగిన అధ్యయనంలో దానివల్ల చిక్కులేమీ తగ్గలేదు. తమ కోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవారిలో అవి కాస్త ఎక్కువగానే కనిపించాయి.

పాముకాటుకు వేసే మంత్రానికి పేరు రావడానికి కారణం పాముల్లోనే ఉంది. కరిచే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషపు పాము సైతం ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. అలాంటి కాటు పడినవాళ్లు ఎలాగూ బతుకుతారు, ఆ పేరు మంత్రగాడి ఖాతాలో పడుతుంది. మంత్రం ఓడిపోయేది కట్లపాము దగ్గర. రాత్రి నేల మీద పడుకున్నవారిని అది కరిస్తే వాపు ఉండదు, నొప్పీ అంతగా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోతున్న రెప్పలు కనిపిస్తాయి. గాలి సోకిందని దిగదుడుపు తీస్తూ ఉండగానే ఊపిరి కండరాలు పడిపోతాయి. రక్తపింజర కాటుకు వాపు, చిగుళ్ల నుంచి రక్తం, తర్వాత కిడ్నీల దెబ్బ. ఈ విషాన్ని గుర్తించడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు: శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డకట్టకపోవడమే ఆధారం.

అసలు చిక్కు ఆసుపత్రిలో కేసు వివరాలు రాసుకునే దగ్గర వస్తుంది. ‘ఎప్పుడు కరిచింది?’ అంటే ‘ఇప్పుడే సార్’ అంటారు. మంత్రం దగ్గర గడిచిన గంటలు ఆ ‘ఇప్పుడే’లో దాగి ఉంటాయి. ఒకసారి వెక్కిరింత ఎదురైన కుటుంబం ఆ గంటలను ఇంకెప్పుడూ చెప్పదు. పసరు తాగించారా, కట్టు ఎంత బిగించారు, ఎప్పుడు కట్టారు అన్నవి, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడగాల్సిన ప్రశ్నలు. గొంతు కండరాలు సడలినవాడికి పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిగించిన కట్టును విరుగుడు మందు సిద్ధం చేసుకోకుండా విప్పితే ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. ఇవి తెలియకపోతే వైద్యమే తప్పుతుంది.

2000–2019 మధ్య దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

పాము కరిస్తే 108కు ఫోన్ చేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. కోయకండి, నోటితో పీల్చకండి. లింగమయ్యను బండిలోనే తలుచుకోండి, మొక్కు మాత్రం ఇంటికొచ్చాక చెల్లించండి.