ఆలస్యంగా వినబడే ఆమెన్

మాటలు రాని బిడ్డను, "ముందు వ్యాకరణం నేర్చుకో, తరువాత మాతో మాట్లాడుదువుగాని" అని ఏ తల్లీ గది బయట కూర్చోబెట్టదు. ఆ బిడ్డ చుట్టూ మనం మాట్లాడుకుంటూనే ఉంటాం. ఒకనాటికి ఆ మాటల్లోంచే దానికి భాష వస్తుంది. ఆరాధన కూడా అలాగే అబ్బుతుందని నా నమ్మకం. అందుకే చిన్నపిల్లలు గుడిలో పెద్దల మధ్యనే కూర్చోవాలని ఎప్పుడు మాట వచ్చినా వాదిస్తూ ఉంటాను.

మా అమ్మమ్మకు చదువు రాదు. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎన్నో ఆమెకు కంఠస్థం. ఆ పుస్తకంలో కీర్తనకు పైన రాగమూ, తాళమూ అచ్చువేసి ఉంటాయి. ఆ అక్షరాలు ఆమెకు తెలియవు. కాని నేను తాళం తప్పితే నా వీపు మీద చేత్తో తట్టి సరిదిద్దేది. అవన్నీ ఆమె తన తల్లి ఒడిలో కూర్చుని విన్నవే. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్దపు కవుల తెలుగు నాకు మొదట పరిచయమైంది కూడా బడిలో కాదు, గుడిలో పరచిన చాప మీదే. 'దురితము' అంటే పాపమని తెలియకముందే ఆ మాట నా నోట పలికింది. అర్థం తరువాత తీరిగ్గా వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక కొత్త ఏర్పాటు జరిగింది. అల్లరి వల్ల ప్రసంగం వినబడడం లేదని, ఐదేళ్ళలోపు పిల్లలను పక్కగదికి పంపాలని పెద్దలు నిర్ణయించారు. వారి బాధ అబద్ధమేమీ కాదు. వారమంతా అలసిన మనిషి ఒక గంట ప్రశాంతత కోరుకోవడంలో తప్పేముంది? అయితే పిల్లలతోపాటు తల్లులూ ఆ గదికి చేరారు. నెల తిరిగేసరికి ఒక చిన్నవయసు తల్లి నాతో, "అక్కా, నేను ప్రసంగం విని నాలుగు వారాలైంది. దీనికి గుడికి రావడమెందుకు?" అంది. వెనుక వరుసలో కూర్చునే ముసలమ్మ ఒకామె నేరుగా అయ్యగారితోనే అనేసింది: "పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా ఉందండీ గుడి."

పిల్లలకు సండేస్కూలు ఉంది కదా అన్నారు కొందరు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండేస్కూలు మొదలుపెట్టింది, వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదువు చెప్పడానికి. పాఠమయ్యాక వాళ్ళను ఆరాధనకు తీసుకువెళ్ళేవారు. అంటే బడి గుడికి తోడే తప్ప బదులు కాదు. ఆర్థొడాక్స్ సంఘాల్లోనైతే బాప్తిస్మం పొందిన చంటిబిడ్డకు సైతం ప్రభు భోజనం అందిస్తారు. అంతెందుకు, మత్తయి సువార్త 21వ అధ్యాయం చూడండి. దేవాలయంలో హోసన్నా అని కేకలు వేసే పిల్లలను చూసి కోపగించుకున్నది యాజకులూ, శాస్త్రులూ. యేసు మాత్రం పిల్లల పక్షమే వహించాడు.

చివరికి మావాళ్ళు పిల్లలను తిరిగి లోపలికి పిలిచారు. ద్వారం దగ్గరి వరుస తల్లులకు వదిలారు. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే కాసేపు వేపచెట్టు కిందికి వెళ్ళి, ఊరుకున్నాక మళ్ళీ రావచ్చు. అయ్యగారు ప్రసంగాన్ని కొంత కుదించారు. దానికి పెద్దలెవ్వరూ అభ్యంతరం చెప్పలేదు సుమా! కానుకల సంచి పట్టే పని కాస్త పెద్ద పిల్లలకు అప్పగించారు. రూపాయి వేసి, "దేవుడు చిల్లర ఇస్తాడా?" అని అడిగే బుడతడు కూడా ఉన్నాడు.

మట్టల ఆదివారం నాడు తమకంటే పొడవైన ఈతమట్టలను నేల మీద ఈడ్చుకుంటూ వాళ్ళు వరుసగా లోపలికి వస్తుంటే, ఏళ్ళ తరబడి పాడుతున్న పాట నాకు కొత్తగా వినబడుతుంది. అలవాటు వల్ల మొద్దుబారిన నా మనసుకు ఆ బిడ్డల ఆశ్చర్యం అంటుకుంటుంది. వాళ్ళకు మనం నేర్పుతున్నామనుకుంటాం గాని, ఆ పూట అందుకునేది మనమే.

మాలో ఒక నాలుగేళ్ళ పాప ఉంది. ప్రార్థన ముగిసి, అందరూ ఆమెన్ అనేసి, గుడి నిశ్శబ్దమైన తరువాత తాను ఒక్కతే తీరిగ్గా "ఆమెన్" అంటుంది. ఏ ఆదివారమైనా ఆ గొంతు వినబడకపోతే, ఒకప్పుడు పక్కగది కావాలన్న పెద్దాయనే వెనక్కి తిరిగి, "పాపకు ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడుగుతారు.