అనుమానం ఎవరి మీద?

ఈ పేజీలో ఎప్పుడూ ఉబాలు, దోమపోటు, ధాన్యం తూకం గురించే రాస్తుంటాను. ఈవేళ ఒక సినిమా గురించి రాస్తున్నాను. ఈ వయసులో ఈడికి సినిమా పిచ్చేటి అనుకోకండి. చివరిదాకా చదవండి. ఇది మన పొలం గట్టు మీద సంగతే.

మొన్న వాన పట్టుకుని మూడు రోజులు పొలంలోకి దిగే వీల్లేకపోయింది. విశాఖ నుంచి వచ్చిన మా చిన్నోడు లాప్‌టాప్‌లో ఒక కొరియా సినిమా పెట్టాడు. పేరు 'మెమరీస్ ఆఫ్ మర్డర్', 2003లో వచ్చింది. తీసినాయన బాంగ్ జూన్ హో. 2020లో 'పారసైట్' సినిమాకి ఆస్కార్ అందుకున్నది ఆయనే. కింద ఇంగ్లీషులో మాటలు పడుతుంటే మావోడు తెలుగులో చెప్పాడు. కానీ సగం సినిమాకి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మొదలవడమే పండిన వరి చేను. గట్టు పక్కన నీళ్లు పోయే కాలువ, దాని మీద సిమెంటు పలక. ఆ పలక కింద ఒక ఆడమనిషి శవం.

ఇంకో చోట ఇంకో శవం దొరుకుద్ది. అక్కడ బురదలో ఒక అడుగు ముద్ర ఉంటుంది. దాని చుట్టూ గీత గీసి, తొక్కొద్దని పోలీసాయన అరుస్తుంటాడు. ఈలోగా ఒక రైతు ట్రాక్టరు తోలుకుంటూ వచ్చి దాని మీదనుంచే పోతాడు. నేను పగలబడి నవ్వాను. మన ఊళ్లో అయినా అంతే కదా. ఎవరైనా పురుగుమందు తాగాడన్నా, నూతిలో పడ్డాడన్నా ఊరంతా అక్కడే ఉంటాం, అన్నీ తొక్కేస్తాం.

ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. దొంగ దొరక్కపోతే పోలీసులు ఏం చేస్తారంటే, ఊళ్లో బుద్ధి ఎదగని ఒక కుర్రాణ్ణి పట్టుకుని కొడతారు. అతని జోడు తెచ్చి బురదలో దొంగ ముద్ర వేస్తారు. మనిషి కళ్లు చూస్తే నేరస్థుడో కాడో చెప్పేస్తానంటాడు ఆ పోలీసాయన. ఆఖరికి ఎవరు చంపారో తేలకుండానే సినిమా అయిపోద్ది.

అది కల్పించిన కథ కాదు. దక్షిణ కొరియాలో హ్వాసాంగ్ అనే పల్లెటూళ్ల ప్రాంతంలో 1986 నుంచి 1991 లోపల పదిమంది ఆడవాళ్లను చంపేశారు. 20 వేల మందికి పైగా మనుషుల్ని పోలీసులు విచారించారు. సినిమా వచ్చేనాటికి ఎవరు చేశారో తెలీదు. 2019లో, అప్పట్లో దాచిన సాక్ష్యాలకు డీఎన్ఏ పరీక్ష మళ్లీ చేస్తే లీ చున్ జే అని తేలింది. అతను మరదల్ని చంపిన కేసులో 1994 నుంచీ జైల్లోనే ఉన్నాడు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ పది హత్యల్లో ఎనిమిదోది 1988లో జరిగింది. దానికి అప్పుడే ఒక మనిషిని పట్టుకుని యావజ్జీవం వేసేశారు. అతనెవరనుకున్నారు? వ్యవసాయ పనిముట్లు బాగుచేసే మెకానిక్కు. 22 ఏళ్లవాడు, పోలియోతో ఒక కాలు అవిటి. నిద్రపోనివ్వకుండా ఒప్పించారు. 20 ఏళ్లు జైల్లో ఉండి 2009లో బయటికొచ్చాడు. నిర్దోషి అని కోర్టు చెప్పింది 2020 డిసెంబరులో. ఆ హత్య కూడా నేనే చేశానని లీ చున్ జే ఒప్పుకున్న తర్వాత!

కొరియా సంగతి మనకెందుకు అంటారేమో. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు గుర్తుందా? 2007 డిసెంబరు 27న ఫార్మసీ చదువుతున్న పిల్ల హాస్టల్లో శవమై కనిపించింది. ఆ పిల్ల పేరు మీకందరికీ తెలుసు, నేను మళ్లీ రాయను. రాష్ట్రమంతా గొడవైంది. 2008 ఆగస్టులో నందిగామ వైపు ఒక పేద దళిత కుర్రాణ్ణి అరెస్టు చేశారు. సెల్‌ఫోన్ల దొంగ అన్నారు. నరాల జబ్బుతో అతను ఒక దశలో నడవలేని స్థితికి వచ్చాడు. అయినా 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. చనిపోయిన పిల్ల తల్లిదండ్రులే ఇతను కాదు మొర్రో అన్నారు. కన్నకూతురు పోయినవాళ్లు ఆ మాట అంటుంటే ఇంక ఎవరు వినాలి?

2017 మార్చి 31న హైకోర్టు ఆ కుర్రాడు నిర్దోషి అని చెప్పింది. లక్ష రూపాయలు ఇమ్మంది, దర్యాప్తు చేసినవాళ్ల మీద చర్య తీసుకోమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైలు అయిపోయింది. 2018లో కేసు సీబీఐకి ఇచ్చారు. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఆ తల్లి ఆ రోజు ఎలా తట్టుకుందో. వేసిన ఒక్క శిక్షా నిలబడలేదు.

రెండు చోట్లా ఒకటే తప్పు. దొంగ దొరకనప్పుడు ఎవరో ఒకరు దొరకాలి. ఆ ఒకరు ఎప్పుడూ పేదవాడే అవుతాడు.

పోలీసుల్ని తిట్టి ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపలేను. ఎందుకంటే 2006లో ఆ పని నేనే చేశాను.

మా గెడ్డ ఒడ్డున ఉన్న 5 హెచ్‌పీ మోటారు ఒక రాత్రి పోయింది. అప్పు చేసి కొన్నది. స్టేషనుకెళ్లి కాగితం రాసిచ్చాను. 'ఎవరి మీదైనా అనుమానం ఉందా?' అని అడిగారు. నేను ఒక పేరు చెప్పాను. నా మడిలో కూలికొచ్చేవాడు. అతన్ని చీకట్లో గెడ్డ దగ్గర నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. మరి ఆ పేరెందుకొచ్చింది నా నోట్లోకి? అంతకు వారం ముందు నాలుగు రోజుల కూలి బాకీ అడగడానికి ఇంటికొచ్చి, పదిమందిలో గట్టిగా మాట్లాడాడు. అదీ కారణం. ఆ రోజు నాకు అది కారణంగా తోచలేదు. అనుమానం అనుకున్నాను.

రాత్రి మా ఆవిడ 'అతను అలాటోడు కాదు' అంది. నీకేటి తెలుసు అన్నాను. అతన్ని తీసుకెళ్లి మూడు రోజులు ఉంచారు. తిరిగొచ్చాక కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. రెండు నెలలకు వేరే మండలంలో రాగితీగ దొంగలు దొరికారు. నా మోటారు వాళ్ల దగ్గరే ఉంది. తెచ్చుకుని చేనుకి నీళ్లు పెట్టుకున్నాను. అతని దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఆ ఏడాదే పెళ్లాన్ని తీసుకుని చెన్నైకి బిల్డింగు పనికి పోయాడు. మధ్యమధ్య పంటకాలంలో వచ్చినప్పుడు నా మడిలోనూ వరి కోశాడు.

సినిమా చివర ఆ పోలీసాయన ఉద్యోగం మానేసి, చాలా ఏళ్ల తర్వాత అదే కాలువ దగ్గరికొచ్చి మళ్లీ వంగి చూస్తాడు. అక్కడ ఏమీ ఉండదు. తర్వాత తలెత్తి తిన్నగా మనకేసి చూస్తాడు. మావోడు దానికేదో అర్థం చెప్తున్నాడు గానీ నాకు వినబడలేదు. నాకు గెడ్డ ఒడ్డు కనబడింది.

మర్నాడు వాన తగ్గాక అతని ఇంటికెళ్లాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. కూర్చున్నాను. ఆ రోజు నీ పేరు చెప్పింది నేనే అన్నాను. అతను బీడీ ఆర్పి, 'తెలుసు బాబూ. నీ మడిలో కోత కోసినన్నాళ్లూ తెలుసు' అన్నాడు. మరి అడగలేదేం అన్నాను. 'అడిగితే పని ఇస్తావా?' అన్నాడు.

తప్పయిపోయింది అన్నాను. ఫర్వాలేదని అతను అనలేదు. అనాలని నేనూ అడగలేదు. ఈ సంగతి రాసుకుంటానంటే, నా పేరు వద్దు, నీది పెట్టుకో అన్నాడు. ఈ పేజీ మీద నా పేరుంది కదా, అదే పెట్టుకుంటున్నాను.

రైతు సోదరులకి నేను చెప్పేది ఇంతే. మోటారు పోయినా, ధాన్యం పోయినా, అంతకన్నా పెద్ద ఘోరం జరిగినా, చూసింది చెప్పండి. చూడనిది చెప్పకండి. మనసులో ఒక పేరు మెదిలితే, అతనితో మనకు గట్టు తగువుందా, కూలి బాకీ ఉందా అని ముందు మనల్ని మనం అడుక్కోవాలి. జరిగిన చోట గుంపు కట్టి తొక్కకండి, అక్కడ మిగిలిన ముద్రే ఒక నిర్దోషిని కాపాడొచ్చు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో అది నేరానికి రుజువు కాదు. మీ ఊరి కూలివాణ్ణి తీసుకెళ్తే, ఇంటివాళ్లతో పాటు మీలో ఒకరు స్టేషనుకెళ్లి నిలబడండి. 2006లో ఆ మూడు రోజులూ మా ఊరినుంచి ఎవరూ వెళ్లలేదు. వెళ్లాల్సిన మొదటివాణ్ణి నేనే.

ఉంటాను. వాన ఆగింది, రేపు మడికి యూరియా వెయ్యాలి.