జనానా చిత్రశాల

గత వేసవి సెలవులలో మావారు మమ్ములను హైదరాబాదునకు తీసికొనిపోయిరి. చార్మినారునకు అనతిదూరమున నున్న చౌమహల్లా సౌధమున గాజుదీపముల గుత్తులను చూచి పిల్లలు కేరింతలు కొట్టిరి. నేను మాత్రము పాత ఛాయాపటములకడ నిలిచిపోయితిని. వానిలో నాకు ఎక్కువగా కనబడినవి పురుషుల ముఖములే. “ఆనాటి స్త్రీలు పటములు తీయించుకొనలేదా?” యని అడుగగా, మావారు రాజా దీనదయాళుగారి కథ మొదలిడిరి. తక్కినది ఇంటికి వచ్చి చదివి తెలిసికొంటిని.

దీనదయాళుగారు 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో కొలువు చేయుచు ఈ విద్య నభ్యసించిరి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారు వారిని ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి ‘ముసవ్విర్ జంగ్’ అను బిరుదమిచ్చిరి. సికింద్రాబాదున వారికొక చిత్రశాల యుండెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా మఱియొకటి తెఱచిరి. చుట్టును ఎత్తైన గోడలు. లోపలికి స్త్రీలకును బాలికలకును దక్క అన్యులకు ప్రవేశము లేదు. దాని బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అను దొరసానిది. ఆమెను చరిత్ర మగని యింటిపేరుతోనే తలచుచున్నది. పంతులుగారి భార్యగా ఊరందఱు నెఱిగిన నాకిది వింత గాదు.

సోదరీమణులారా, అచ్చట స్త్రీయే యేల కావలసివచ్చెనో ఆనాటి కెమేరాను తలచుకొన్న తెలియును. తీయువారు నల్లగుడ్డ ముసుగులో తలదూర్చి, కెమేరా వెనుకనున్న గరుకుటద్దముపై తలక్రిందులుగా తోచు రూపమును, స్పష్టపడువఱకు తదేకముగా చూడవలెను. ముసుగు వేసికొనునది చిత్రకారుడు, తొలగించునది బేగముగారు! ఏ నవాబు ఒప్పుకొనును?

పిదప వెండి లవణము కలిసిన జెలటిను పూత గల గాజుపలకను అమర్చి, దానికి వెలుగు సోకనిత్తురు. చీకటిగదిలో మందునీట కడిగిన, తెల్లని ముఖము నల్లగను, నల్లని కురులు తెల్లగను బయల్పడును. ఆ కాలమున విరివిగా వాడిన కాగితమునకు కోడిగ్రుడ్డు తెల్లసొనయు ఉప్పును కలిపి పూసి, ఆఱిన పిమ్మట సిల్వర్ నైట్రేటు నీటిపై తేల్చెడివారు. దానిపై పలక నుంచి యెండలో పెట్టిన బొమ్మ తానే దిగును. పలక యెంతో పటము నంతే. బంగారు లవణపు నీట ముంచిన, దాని వన్నె మాఱి మన్నిక హెచ్చును. గ్రుడ్డుసొన మాట వినగనే, మడి విడువని మా అత్తగారు పూజగదివైపు చూచి “దేవుని పటములును ఇట్లే చేసిరా?” యని కలవరపడిరి. అవి అచ్చుబొమ్మలని చెప్పువఱకు ఆమెకు నెమ్మది లేదు.

దీనదయాళుగారు 1905లో గతించిరి. వారి చిత్రశాల గాజుపలకలు 2,857 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి.

మా అమ్మమ్మ ముఖము మాత్రము ఏ పటమునను లేదు. పటము తీసిన ఆయువు తఱుగునని ఆమె భయము. మా అమ్మ పెండ్లిపటమున, తలుపు చాటున, గాజుల చేయి యొకటి కనబడును. అది అమ్మమ్మదని అమ్మ చెప్పును. మొన్న పుట్టింటికి పోయినపుడు ఆ పటమును దింపించి చట్రము విప్పితిని. వెనుక పెండ్లితేదియు, మా తాతగారి పేరును మాత్రమే యున్నవి. చేయి ఉన్న చోటునకు సరిగా వెనుకవైపున, పెన్సిలుతో అమ్మమ్మ పేరు వ్రాసితిని.