పెద్దల వేదికపై ఎనిమిదేళ్ల గాత్రం

మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి కచేరీ ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఆ బాలుని ప్రతిభనే అందరూ కీర్తిస్తారు గాని, ఒక పసివానికి పెద్దల సభలో చోటు ఇచ్చిన సంప్రదాయం కూడా అంతే గౌరవింపదగినది. 1930లో శంకరగుప్తంలో జన్మించి, త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిక్షణ పొందిన మురళీకృష్ణ, ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో, అనగా వాగ్గేయకారుని స్మరిస్తూ విద్వాంసులు వరుసగా పాడే వేడుకలో, పూర్తిస్థాయి కచేరీ చేయగా, ప్రసిద్ధ హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పేరుకు ముందు ‘బాల’ చేర్చి దీవించారు. పదిహేనేళ్లు వచ్చేనాటికే ఆయన 72 మేళకర్తలలో, అంటే ఇతర రాగాలకు మూలమైన సంపూర్ణ రాగాలన్నింటిలో, ప్రావీణ్యం సాధించి కృతులు రచించారంటే, ఆ తొలి అవకాశం ఎంత విలువైనదో ఊహించవచ్చు.

అలాంటి అవకాశం నేటి పిల్లలకూ దక్కాలంటే, నేరేడుచర్ల, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో శ్రీరామనవమికి, నవరాత్రులకు పేరున్న కళాకారులను పిలిచే నిర్వాహకులు, ప్రధాన కార్యక్రమానికి ముందు కనీసం అరగంట, పక్కవాద్యాలతో సహా, స్థానిక బాలబాలికలకు కేటాయించాలి.